ఆషాఢంలో రెండు రాత్రులు

ఉన్న ఊళ్లోనే హోటల్‌లో రూమ్ తీసుకుంటానంటే మా అమ్మ నవ్వేస్తుంది. "సొంతిల్లు పెట్టుకుని హోటల్లో పడుకోవడమేంటే, డబ్బులు ఎక్కువయ్యాయా?" అంటుంది. మొన్నమొన్నటి వరకు నేనూ అలాగే అనేదాన్ని. ఇన్‌స్టాలో ఎవరైనా తెల్ల దుప్పటి మీద హంసలా మడిచిన టవల్ ఫొటో పెట్టి 'స్టేకేషన్' అని రాస్తే, "కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్లి దాన్ని ట్రిప్ అంటారట" అని మా ఆయనకి చూపించి మరీ నవ్వేదాన్ని.

ఈ ఆషాఢంలో మేం చేసింది కూడా సరిగ్గా అదే. నిజాంపేట నుంచి ఐటీ కారిడార్‌కి వెళ్లాం. రెండు రాత్రులున్నాం. తిరిగొచ్చాం. హంస కూడా ఉంది.

ఎందుకు వెళ్లామో చెప్పాలంటే ముందు మా ఇంటి గురించి చెప్పాలి.

ఎనిమిది నెలల కిందట మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితోపాటే మాట కూడా. తెనాలిలో ఉండే అత్తయ్యని, మామయ్యగారిని మా దగ్గరికి తీసుకొచ్చేశాం. మాది రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఒక గదిలో ఆస్పత్రి మంచం, సెలైన్ స్టాండు, వీల్‌చైర్. రెండో గది మాదే, పేరుకి మాత్రం. డైపర్ల అట్టపెట్టెలు, ఫిజియో సామాన్లు, మందుల సంచులు అన్నీ మా మంచం పక్కనే ఉంటాయి.

పగలు చూసుకోవడానికి ఏజెన్సీ నుంచి ఒక అబ్బాయి వస్తాడు. రాత్రుళ్లు మాత్రం మేమే. మంచం పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. పదికి, పన్నెండుకి మా ఆయన. రెండుకి, నాలుక్కి నేను. మామయ్యగారు పిలవలేరు కాబట్టి చిన్న మూలుగు కూడా వినిపించాలని మా గది తలుపు తీసే ఉంచుతాం. ఎనిమిది నెలలుగా ఆ తలుపు వేసింది లేదు.

ఇంకో సంగతి. మా ఆయనా నేనూ ఒకే ఆఫీసులో పరిచయమై పెళ్లి చేసుకున్నవాళ్లం. మేమిద్దరమే ఉన్నప్పుడు 'నువ్వు' అంటాను. కోపమొస్తే, ప్రేమ ఎక్కువైనా, 'ఒరేయ్' అంటాను. అత్తయ్య ముందు మాత్రం 'ఏవండీ', 'మీరు'. మొదట్లో అదో సరదా ఆట మాకు. అత్తామామలు సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులుంటే, ఆ నాలుగు రోజులూ ఏవండీ అంటూ లోపల్లోపల నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఇరవై నాలుగ్గంటలూ 'మీరే'. ఒకరోజు కిచెన్‌లో మందుల చీటీ పట్టుకుని, "ఏవండీ, ఈ మాత్ర పొద్దునా, రాత్రా?" అని అడిగి ఆగిపోయాను. చుట్టూ ఎవరూ లేరు. నా నోటికి 'నువ్వు' రాలేదు అంతే.

ఆ రోజు కొంచెం భయం వేసింది.

వదిన ఇచ్చిన సెలవు

జూన్‌లో వదిన ఫోన్ చేసింది. మా ఆయనకి అక్క, రాజమండ్రిలో ఉంటుంది. "నేనొచ్చి శనివారం నుంచి సోమవారం దాకా నాన్నని చూసుకుంటా. మీరిద్దరూ ఎక్కడికైనా పోండి. ఇంట్లో కనిపిస్తే ఊరుకోను" అంది.

గోవా కోసం ఎప్పుడో పక్కన పెట్టిన 35,000 రూపాయలున్నాయి. కానీ గోవా కుదరదు. మామయ్యగారికి ఏదైనా అయితే రాత్రికి రాత్రి రాగలగాలి. అరకు, కూర్గ్, పుదుచ్చేరి... ఏది అనుకున్నా చివరికి అదే ప్రశ్న. అందుకే సిటీలోనే హోటల్ అనుకున్నాం.

అత్తయ్యకి ఏం చెప్పాలన్నది పెద్ద చిక్కు. ఫ్రెండ్ పెళ్లి అని చెబుదామన్నాడు మా ఆయన. "ఆషాఢంలో పెళ్లేంట్రా అని మీ అమ్మ అడిగితే?" అన్నాను. నోరు మూసుకున్నాడు. చివరికి ఆఫీసువాళ్లు అందర్నీ జంటలుగా రిసార్ట్‌కి తీసుకెళ్తున్నారని అబద్ధం ఆడాం. చెప్పి రెండు రోజులు అత్తయ్య మొహం చూడలేకపోయాను.

హోటల్ వెతికే పని నాది. వెతకడానికి దొరికే టైమ్ రాత్రి రెండు గంటలు. మామయ్యగారిని పక్కకి తిప్పి, వీపుకి దిండు ఆనించి, ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసేదాన్ని. పగలు హోటళ్లకి ఫోన్ చేసిందీ ఆ గదిలోంచే. అత్తయ్య గుడికెళ్లినప్పుడు అక్కడే కూర్చుని "కింగ్ బెడ్ ఉందా అండీ? శనివారం, ఆదివారం, రెండు రాత్రులకి" అని మాట్లాడేదాన్ని. మామయ్యగారు కళ్లు మూసుకుని ఉండేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఏది కొట్టేశాం, ఎందుకు

మా ఆయన కోరిక ఫలక్‌నుమా. హైదరాబాద్‌లో పెరిగిన ఎవరిని అడిగినా అదే చెబుతారేమో. నవాబ్ వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించుకున్న ప్యాలెస్ అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 101 మంది ఒకేసారి కూర్చుని తినే డైనింగ్ టేబుల్ ఉంది. ఏళ్ల తరబడి బాగుచేయించాక 2010లో హోటల్‌గా తెరిచారు. ఫలక్ అంటే ఉర్దూలో ఆకాశం. రేటూ అక్కడే ఉంది. మేం చూసిన వీకెండ్‌కి ఒక్క రాత్రికే మా బడ్జెట్ మొత్తం దాటిపోయింది.

డబ్బు పక్కన పెట్టినా దూరం కుదరలేదు. మ్యాప్‌లో రాత్రి రెండింటికి చూస్తే ఒక టైమ్ చూపిస్తుంది, శనివారం సాయంత్రం ఆరింటికి చూస్తే ఇంకోటి చూపిస్తుంది. మీరూ బుక్ చేసేముందు రెండూ చూడండి. పైగా ఆషాఢం ఆదివారాలంటే బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత పాతబస్తీలో లాల్ దర్వాజా. ఆ రోజుల్లో ఆ వైపు రోడ్లు మళ్లిస్తారు. అర్ధరాత్రి ఫోనొస్తే అక్కణ్నుంచి నిజాంపేట రావడం గురించి ఆలోచిస్తేనే గుండె దడ. అలా ఫలక్‌నుమాని కొట్టేశాం. ముందే బుక్ చేసుకుంటే ఉండకపోయినా టీకి వెళ్లి రావచ్చని తెలిసి, మా ఆయన దాన్ని 'తర్వాత' అనే లిస్టులో రాసుకున్నాడు.

నా కోరిక హుస్సేన్‌సాగర్. కిటికీలోంచి బుద్ధుడు కనిపించాలి. 1992లో ఆ విగ్రహాన్ని నిలబెట్టిన ఏడాదే నేను పుట్టాను, అదో సెంటిమెంటు. అయితే అక్కడ 'లేక్ వ్యూ' అన్న రెండు మాటలకి రాత్రికి రెండు వేలకి పైనే తేడా. "మనం కర్టెన్ మూసుకుని పడుకోవడానికి కదా వెళ్తోంది?" అన్నాడు మా ఆయన. నిజమే. అప్పటికి మాకు సరిగ్గా నిద్రపోయి ఎనిమిది నెలలు.

మిగిలింది ఐటీ కారిడార్. అద్దాల బిల్డింగులు. రోజూ ఆఫీసుకి వెళ్తూ చూసేవే. రొమాంటిక్‌గా ఏముంటుందనిపించింది. కానీ ఇంటికి రాత్రిపూట పాతిక నిమిషాలు, పట్టపగలు ట్రాఫిక్‌లో నలభై. దానికి మించిన రొమాన్స్ మాకు అప్పుడు అక్కర్లేదు.

రాత్రి రెండింటి పాఠాలు

నెల రోజులు వెతికాక నాకు అర్థమైన కొన్ని సంగతులు చెప్తా. నాలాగా మొదటిసారి ఇంత డబ్బు ఒక గదికి పెట్టేవాళ్లకి పనికొస్తాయి.

మొదటిది, రోజు. ఐటీ కారిడార్ హోటళ్లు సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీలవాళ్లతో నిండిపోతాయి. శనివారం, ఆదివారం ఖాళీ. అందుకే ఆఫీసులున్న చోట వీకెండ్ రేట్లు తగ్గుతాయి, అందులోనూ ఆదివారం రాత్రి. ప్యాలెస్‌లు, రిసార్ట్‌ల దగ్గర దీనికి ఉల్టా. మాకు శనివారం 11,500, ఆదివారం 9,000 పడింది. గది అదే, మంచం అదే.

రెండోది, ముహూర్తాలు. పెద్ద హోటల్‌కి పెళ్లి హాలు కూడా ఉంటుంది. మాఘంలోనో శ్రావణంలోనో బుక్ చేస్తే, మీరు క్యాండిల్ వెలిగించుకుని కూర్చునే టైమ్‌కి కింద బరాత్ డప్పులు మొదలవుతాయి. రేటూ ఎక్కువే. ఆషాఢంలో మనవాళ్లు పెళ్లిళ్లు చేయరు. కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింటికి పోతారు. పెళ్లయి ఆరేళ్లయిన మాలాంటి పాత జంటలకి హోటళ్లు ఖాళీగా, నిశ్శబ్దంగా దొరుకుతాయి. కాబట్టి బుకింగ్ యాప్ తెరిచే ముందు కిచెన్‌లో వేలాడే క్యాలెండర్ చూడండి.

మూడోది, టాక్స్. యాప్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు అసలు రేటు కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. అంటే 7,500 గదికి మీరు కట్టేది 7,875. గది రేటు వంద పెరిగి 7,600 అయితే కట్టేది 8,968. వంద తేడాకి వెయ్యికి పైగా పోతుంది. ఆ గీతకి కాస్త అటూఇటూ ఉన్న హోటళ్లు చూస్తున్నప్పుడు ఈ లెక్క వేసుకోండి. మాది ఎలాగూ గీత దాటింది. రెండు రాత్రులూ కలిపి 20,500, టాక్స్‌తో 24,190. ఇందులో బ్రేక్‌ఫాస్ట్ ఉంది. విడిగా తింటే ఇద్దరికీ ఎంతవుతుందో అడిగాకే కలిపి తీసుకున్నాం.

నాలుగోది, పేర్లు. డీలక్స్, ప్రీమియం, ఎగ్జిక్యూటివ్, క్లబ్. ఒక హోటల్లో డీలక్స్ అంటే అన్నిటికన్నా చిన్న గది, ఇంకో హోటల్లో మధ్యది. పేరు చూడొద్దు, చదరపు అడుగులు చూడండి. క్లబ్ అంటే సాయంత్రం లాంజ్‌లో స్నాక్స్, డ్రింక్స్ అవీ కలిపి. మేం తాగం, రోజంతా నిద్రపోవాలనుకుంటున్నాం. మాకెందుకని వదిలేశాం.

ఐదోది, రివ్యూలు. ఐదు స్టార్లవాళ్లు పొగుడుతారు, ఒక స్టార్‌వాళ్లు తిడతారు. మూడు స్టార్లవాళ్లు నిజం చెబుతారు. గత మూడు నెలల్లో రాసినవి చాలు. 'నాయిస్', 'ఏసీ', 'స్మెల్' అని వెతకండి. ఫొటోలు కూడా హోటల్‌వాళ్లు పెట్టినవి కాదు, ఉండి వచ్చినవాళ్లు తీసినవి చూడండి. ఇంకోటి, కొన్ని ఖరీదైన గదుల్లో బాత్రూమ్‌కి, మంచానికి మధ్య గోడ బదులు అద్దం ఉంటుంది. హనీమూన్‌లో బాగుంటుందేమో. ఆరేళ్ల తర్వాత కర్టెన్ ఎక్కడుందో ముందే తెలుసుకోవడం మంచిది.

ఆరోది, ఫోన్. యాప్‌లో రేటు చూశాక హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి. మాకు అదే రేటుకి ఆలస్యంగా చెకౌట్ చేసే వీలిచ్చారు. లిఫ్ట్‌కి దూరంగా, పై అంతస్తులో, ఒకటే పెద్ద మంచం అని మూడూ అడిగాను. ఐడీ ఇద్దరిదీ ఉండాలి. కొన్నిచోట్ల అదే ఊరి అడ్రస్ ఉన్న ఆధార్‌ని ఒప్పుకోరు, అది ముందే అడగాలి. పెళ్లి కానివాళ్లు కలిసి ఉండకూడదని చట్టం ఏమీ లేదు గానీ, హోటల్ సొంత రూల్స్ ఉంటాయి. రిసెప్షన్ దగ్గర గొడవ పడేకన్నా ముందే కనుక్కోవడం నయం. చెక్ ఇన్ అప్పుడు కార్డు మీద కొంత డబ్బు ఆపుతారు, వెళ్లాక కొన్ని రోజులకి వదిలేస్తారు. కార్డులో ఉన్నదంతా లెక్కపెట్టి వెళ్తే ఇబ్బంది.

ఏడోది, నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది. డబ్బు వాపసు రాని రేటుకి తీసుకుంటే మాకు 1,800 తగ్గేది. తీసుకోలేదు. శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకా క్యాన్సిల్ చేసుకునే వీలుండే రేటే తీసుకున్నాం. ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్లకి ఆ 1,800 ఇన్సూరెన్స్ లాంటిది.

శుక్రవారం సాయంత్రం

గురువారం రాత్రి మామయ్యగారికి జ్వరం వచ్చింది. నూటొకటి. మింగడం కష్టమైనవాళ్లకి తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదముందని డాక్టర్ మొదట్లోనే చెప్పారు. అందుకే మాకు జ్వరమంటే హడల్. శుక్రవారం పొద్దున్నే తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. ఛాతీలో ఏమీ లేదన్నారు. మధ్యాహ్నానికి జ్వరం తగ్గింది.

సాయంత్రం ఐదున్నరకి నేనూ మా ఆయనా బాల్కనీలో నిలబడ్డాం. ఫోన్‌లో బుకింగ్ తెరిచి ఉంది. కింద ఎర్రగా 'క్యాన్సిల్'.

"క్యాన్సిల్ చేద్దామండీ" అన్నాను.

"ఇరవై నాలుగు వేలు. ఆ అబ్బాయికి నెల జీతం కన్నా ఎక్కువ" అన్నాడు. నిజమే, కేర్‌టేకర్‌కి మేం ఇచ్చేది నెలకి 22,000. ఆ లెక్క నేనూ ఎన్నోసార్లు వేసుకున్నాను. ఆ డబ్బుతో ఒక నెలంతా రాత్రుళ్లకి ఇంకో మనిషిని పెట్టొచ్చు. మనం రెండు రాత్రులకి తగలేస్తున్నాం.

వదినకి ఫోన్ చేశాడు. అప్పటికే రాత్రి ట్రైన్‌కి సర్దుకుంటోంది. అంతా విని, "జ్వరం తగ్గిందా? డాక్టర్ ఏమీ లేదన్నాడా? అయితే నేను బయల్దేరుతున్నా. నేనొచ్చేసరికి మీరు క్యాన్సిల్ చేసి కూర్చుంటే మాత్రం స్టేషన్ నుంచే వెనక్కి వెళ్లిపోతా. నాన్న నీకొక్కడికే నాన్నేంట్రా?" అంది.

ఆరు దాటింది. మేం నొక్కలేదు.

రెండు గంటలు

చెక్ ఇన్ దగ్గర చిన్న గొడవ. ఒకటే పెద్ద మంచం అని మూడుసార్లు చెప్పించుకున్నా, గది తలుపు తీస్తే రెండు వేర్వేరు మంచాలు. మా ఆయన మొహం చూసి నవ్వొచ్చింది. కిందికి ఫోన్ చేస్తే సారీ చెప్పి అరగంటలో గది మార్చారు. ఈమెయిల్‌లో రాయించుకున్నాను కాబట్టి మారిపోయింది. మీరూ నోటిమాటతో వదిలేయకండి.

పద్నాలుగో అంతస్తు. దూరంగా దుర్గం చెరువు తీగల వంతెన లైట్లు. కాఫీ మెషిన్, తెల్ల చెప్పులు, బాత్‌టబ్, హంస. అన్నీ చూసి, ఫొటోలు తీసుకుని, మంచం మీద కూర్చున్నాం. తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు. ఇంట్లో ప్రతి గంటకీ ఏదో ఒక పని ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. మా ఆయన లేచి వెళ్లి గది తలుపుకి లోపల గొళ్లెం పెట్టాడు. క్లిక్‌మని శబ్దమొచ్చింది. ఇద్దరం దానివైపే చూశాం.

డిన్నర్‌కి కింద రెస్టారెంట్‌కి వెళ్లాం. మాట్లాడుకుందామని కూర్చుని మామయ్యగారి ఫిజియో గురించి, బీపీ మాత్ర మార్చడం గురించే మాట్లాడుకున్నాం. మధ్యలో వదినకి రెండుసార్లు ఫోన్. "ఇంకోసారి చేస్తే ఎత్తను" అంది. తొమ్మిదిన్నరకే నిద్రపోయాం. అంత పెద్ద మంచం, అంత మంచి దిండ్లు, నేను అనుకున్న సెలవు ఇది కాదని ఒక పక్క దిగులు.

చీకట్లో మెలకువ వచ్చింది. ఏసీ శబ్దం తప్ప ఏమీ లేదు. ఫోన్ చూస్తే రెండు. అలారం పెట్టలేదు. ఒంటికి అలవాటైపోయింది. కాళ్లు కింద పెట్టబోతుంటే పక్కనుంచి వినిపించింది.

"తిప్పాలా?"

వాడూ లేచే ఉన్నాడు. నా డ్యూటీ టైమ్ అయినా, రోజూ రెండింటికి నాతోపాటు వాడికీ మెలకువ వస్తుందని నాకు ఆ రాత్రి దాకా తెలీదు. కళ్లు మూసుకుని పడుకునేవాడట. నేను లేచి, మామయ్యగారిని తిప్పి, మళ్లీ వచ్చి పడుకునేదాకా వింటూ ఉండేవాడట.

"మరి నాలుక్కి?" అని అడిగాను.

"నాలుక్కీ అంతే."

"ఒరేయ్, ఇద్దరం నిద్రపోకుండా ఉండటానికా ఈ డ్యూటీలు వేసుకుంది?" అన్నాను.

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకంటే చెప్పడు. కాసేపటికి, "ఎన్నాళ్లయింది నువ్వు ఒరేయ్ అని" అన్నాడు. నవ్వుతూ ఉన్నవాడు ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టాడో నాకు తెలీలేదు. పక్షవాతం వచ్చిన రోజు ఆస్పత్రిలో కూడా ఏడవలేదు. అందరికీ ధైర్యం చెబుతూ తిరిగాడు. ఇంట్లో ఏడవడానికి చోటెక్కడుంది? తలుపు లేని గది. హాల్లో అమ్మ. నేనూ ఏడ్చాను. తర్వాత మినీబార్‌లో నూట యాభై రూపాయల చాక్లెట్ తీసి ఇద్దరం పంచుకుని తిన్నాం. మినీబార్ ముట్టొద్దని నేనే రూల్ పెట్టాను, నేనే తీశాను.

తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. నాన్న మళ్లీ నడవకపోతే ఏంటన్నది మొదటిసారి పైకి అనుకున్నాం. పిల్లల సంగతి ఎప్పటిదాకా వాయిదా వేయాలో కూడా. ఏదీ తేలలేదు. ఆదివారం బ్రేక్‌ఫాస్ట్ మిస్సయ్యాం, కలిపి కట్టిన డబ్బు పోయింది. మధ్యాహ్నం రెండింటిదాకా పడుకున్నాం. ఆ రాత్రి మాత్రం రెండింటికి నాకు మెలకువ రాలేదు. వాడికి వచ్చిందో లేదో అడగలేదు.

నిద్ర?

సోమవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాం. అత్తయ్య "రిసార్ట్ బాగుందామ్మా?" అంది. "బాగుందత్తయ్యా" అన్నాను, తల దించుకుని. మామయ్యగారి గదిలోకి వెళ్లాను. కళ్లు తెరిచే ఉన్నారు. ఎనిమిది నెలల్లో ఆయనకి తిరిగొచ్చిన మాటలు నాలుగో ఐదో. 'ఊఁ', 'కాదు', 'నీళ్లు', అత్తయ్య పేరు సగం.

నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తారు. రెండు వేళ్లు చూపించారు. ఏం అడుగుతున్నారో అర్థం కాలేదు. పెదాలు చాలాసేపు కదిలాయి. తర్వాత మాట బయటికి వచ్చింది.

"నిద్ర?"

నా చేతిలో బ్యాగ్ అలాగే ఉంది. రెండు రాత్రులు. నేను ఆయన మంచం పక్కన కూర్చుని ఎంతమంది రిసెప్షనిస్టులతో చెప్పానో, 'శనివారం, ఆదివారం, రెండు రాత్రులు' అని. స్పీచ్ థెరపిస్ట్ మొదటి రోజే చెప్పింది, మాట పోయినంత మాత్రాన అర్థం చేసుకోవడం పోదు, ఆయనకి మీరు చెప్పేవి అర్థమవుతున్నాయి అని. తలూపాం. మర్చిపోయాం. ఎనిమిది నెలలుగా ఆయన ముందు ఖర్చులు, విసుగు, అన్నీ మాట్లాడేసుకున్నాం, ఆయన అక్కడ లేనట్టు. అత్తయ్యకి చెప్పిన అబద్ధం కూడా ఆయన పక్కన కూర్చునే రిహార్సల్ చేసుకున్నాం.

"పట్టింది మామయ్యా, బాగా పట్టింది" అన్నాను.

"ఊఁ" అన్నారు. కళ్లు మూసుకున్నారు.

రాత్రి అత్తయ్యకి నిజం చెప్పేశాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. "ఆ మాట ముందే చెప్తే నేను వద్దంటానా? పులిహోర చేసి ఇచ్చేదాన్నిగా" అంది. ఐదు నక్షత్రాల హోటల్‌కి పులిహోర డబ్బా. ఈసారి తీసుకెళ్తాం.

వదిన వెళ్లేముందు ఒక పని చేసింది. ఆన్‌లైన్‌లో పేషెంట్లకి వాడే కాలింగ్ బెల్ తెప్పించింది. వైర్ ఉండదు. బటన్ మామయ్యగారి ఎడమ చేతికి వాచీలా కట్టాం, బెల్ మా గదిలో ప్లగ్‌కి పెట్టాం. వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ఎనిమిది నెలల్లో మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. ఆయన పిలవగలరని అనుకుంటేగా. ఇప్పుడు వారంలో రెండు రాత్రులకి మనిషిని కూడా మాట్లాడుకున్నాం. మిగతా రాత్రుళ్లు ఒకరు లేస్తే ఒకరు నిజంగానే నిద్రపోవాలని ఒప్పందం. డైపర్ల పెట్టెలు బాల్కనీలోకి మారాయి. మా గది తలుపు వేసుకుంటున్నాం.

మొన్న రాత్రి ఒంటిగంటా నలభైకి బెల్ మోగింది. ఇద్దరం పరిగెత్తాం. మా ఆయన లైటు వేశాడు, నేను బీపీ మెషిన్ అందుకున్నాను. ఊపిరి బాగుంది, జ్వరం లేదు, డైపర్ పొడిగానే ఉంది.

"ఏంటి నాన్నా, ఏం కావాలి?"

మామయ్యగారు బటన్ వైపు చూపించి, ఇంకోసారి నొక్కారు. మా గదిలో బెల్ మోగింది. విని, నోరు ఒక పక్కకే సాగినా, నవ్వారు. పనిచేస్తుందో లేదో చూసుకున్నారన్నమాట.